బూడిదలో చల్లారిన కత్తి

ఆదివారం పొద్దున మా మనవరాలు వరండాలో నా పక్కన కూర్చుని ఫోనులో కత్తులు చూస్తోంది. బెంగళూరులో ఉద్యోగం. వారం వారం మదనపల్లెకు వచ్చి, రెండు పూటలు సంగటి తిని, నాతో నాలుగు మాటలు పోట్లాడి పోతుంది. ఈసారి స్నేహితులతో కలిసి అడవిలో రెండు రోజులు డేరా వేసుకుని ఉంటారట. దానికో కత్తి కావాలట. మడిచేది కాదు, ఒరలో పెట్టి నడుముకు కట్టుకునేది.

"తాతా, ఈడ సూడు. ఇది స్టెయిన్‌లెస్సు, తుప్పు పట్టదంట. ఇది కార్బన్ స్టీలు, పదును బాగా నిలుస్తాదంట కానీ తడి తగలకూడదు. ఇంకోటి ఉండాది, ఎంత గట్టిదో నెంబరేసి మరీ పెట్టినారు. ఏది తీసుకునేది?"

"పిడి లోపలికి ఇనుము యాడిదాకా పోయింది?" అన్నాను.

మనవరాలు తల ఎత్తి చూసింది. "కడదాకా పోయిందంట. ఫుల్ ట్యాంగ్ అంటారు. నీకెట్ల తెలుసు?"

"నాకు తెలియని కత్తి ఈ చుట్టుపక్కల లేదు" అన్నాను. అబద్ధాల్లోకి నేను ఎప్పుడూ ఇట్లాంటి చిన్న వాకిలి గుండానే వెళ్తాను.

"తెలుసులే. కపిల బావి కథే కదా. పన్నెండేళ్ళ పిల్లోడు నడుములో కత్తి దూసి, ఒక్క వేటుకు తాడు తెంపి, రెండెద్దుల్ని కాపాడినాడు. పోయినసారి చెప్పినప్పుడు ఎద్దు ఒకటే. అంతకు ముందు బావి గట్టున చిరుతపులి కూడా ఉండింది."

"పులి లేదులేమ్మా."

"ఎద్దులు?"

"ఎద్దులు రెండే."

"సరే. అయితే ఆ కత్తి ఏ స్టీలు? అంత లావు తాడు ఒక్క వేటుకు తెగిందంటే అట్లాంటిదే కొంటా. అది చెప్పు చాలు."

ఆ కథ వినని చుట్టం మాకు లేడు. కాని ఈ ప్రశ్న ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. జవాబు నాకు బాగా తెలుసు. అది మంచి ఉక్కు. అంత మంచిది నేను మళ్ళీ చూడలేదు. అయితే ఆ మాట నిజంగా చెప్పాలంటే, ఆ కత్తికి తాడు తెగలేదని కూడా చెప్పాలి. తెగకపోవడం వల్ల ఒక మనిషి పుంగనూరు సంత వదిలి పోయాడని చెప్పాలి. నేను కాసేపు కాఫీ గ్లాసును అటూ ఇటూ తిప్పాను. తర్వాత చెప్పాను. ఆమెకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. ఇందులో కూడా అక్కడక్కడా చెయ్యి జారి అబద్ధం పిండి ఎక్కువ పడుతుంది. పడిన చోట నేనే ఒప్పుకుంటాను.

మాది పుంగనూరు నుంచి రామసముద్రం పోయే దారిలో, రోడ్డు దిగి లోపలికి నడిస్తే వచ్చే పల్లె. వాన పడితే చెనిక్కాయ, పడకపోతే ఆకాశం. కపిల బావి కింద కొంచెం తరి, వరి పండే మడి, ఉండేది. రెండెద్దులు మోకు లాగితే పెద్ద తోలు బాన నీళ్ళతో పైకి వచ్చేది. ఆ నానిన తోలు వాసన ఎట్లా ఉంటుందని మనవరాలు అడిగింది. తడిసిన చెప్పులు, పశువుల కొట్టం, పాత నూనె కలిపితే వచ్చే వాసన అన్నాను. ఛీ అంది. మాకు మాత్రం అది అన్నం ఉడికే వాసన లాంటిది. అది వస్తోందంటే మడిలోకి నీళ్ళు పోతున్నాయని అర్థం.

మా నాయన నడుముకు ఎప్పుడూ ఒక మొలకత్తి ఉండేది. తాడు కోయాలన్నా, కొమ్మ నరకాలన్నా, మేకకు చిక్కిన కంప తీయాలన్నా అదే. ఒకసారి వెదురు చీలుస్తుంటే అది పిడి దగ్గర పుటుక్కుమని విరిగింది. చూస్తే పిడి లోపలికి బొటనవేలంత ఇనుము కూడా లేదు. అందుకని ఇద్దరం పుంగనూరు సంతకు పోయాం.

పశువుల సంత చివర లాడాల సాయబు ఉండేవాడు. ఎద్దును పడుకోబెట్టి, కాళ్ళు కట్టి, గిట్టలు చెక్కి లాడాలు కొట్టడం ఆయన పని. చెక్కిన గిట్టల పెచ్చుల కోసం నాలుగు కుక్కలు చుట్టూ కూర్చుని ఉండేవి. పక్కనే చిన్న కొలిమి, తోలు తిత్తి, కాలితో తొక్కే సాన. గోరింటాకు పెట్టిన గడ్డం. కొలిమి సెగకు ఒక కనుబొమ్మ ఎప్పుడో కాలిపోయింది, ఇంకోటి మిగిలింది. అందుకని ఆయన ఏం మాట్లాడినా సగం ఆశ్చర్యపోతున్నట్టే కనపడేవాడు.

మా నాయన విరిగిన కత్తి చూపించాడు. సాయబు దాన్ని వాసన చూసినట్టు ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇది కత్తా అన్నా? పిడికి తగిలించిన రేకు" అన్నాడు. గోనెసంచి మీద మూడు ఇనుప ముక్కలు పరిచాడు. ఒకటి మదనపల్లె లారీ షెడ్డు నుంచి తెచ్చిన పాత లారీ కమాను పట్టా. ఒకటి అరిగిపోయిన ఆకురాయి. ఇంకోటి కుప్పంలో రైలు కట్ట పక్కనుండే పాత ఇనుము అంగడి నుంచి తెచ్చిన లావుపాటి స్ప్రింగు.

"ఏది కావాల?"

"నాకేం తెలుసు సాయబన్నా, నువ్వే చెప్పు."

"నేను సెప్తే రేపు నన్ను తిడతావు. సెయ్యి నీది, కత్తి నీది. నీ కంటితో సూసి సెప్పు." నా వైపు తిరిగి, "రా బేటా, తొక్కు" అన్నాడు.

నేను సాన తొక్కాను. ముందు ఒక మేకు, తర్వాత మూడు ముక్కలూ ఒక్కొక్కటే రాయికి తాకించాడు. మామూలు మేకు పెడితే నిప్పురవ్వలు గీతల్లాగా పోయాయి. లారీ పట్టా పెడితే గీత చివర చిన్న పువ్వు విచ్చింది. ఆకురాయి పెడితే గీతే లేదు, అంతా పూలే, చిచ్చుబుడ్డి వెలిగించినట్టు. తర్వాత ఒక్కోదాని మూల సుత్తితో విరిచి లోపలి గింజ చూపించాడు.

"లోపల కల్లుప్పు లెక్క రవ్వలు కనపడితే పారెయ్. రాగిపిండి లెక్క మెత్తగా ఉంటే పెట్టుకో."

నాకు ఆకురాయి నచ్చింది. అన్ని పూలు దానికే కదా. "నాయనా, ఇదే!" అన్నాను.

సాయబు నవ్వాడు. "పిల్లోడు పైమెరుపు సూసి పిల్లనిచ్చే రకం. ఆకురాయి బలే పదునప్పా, గడ్డం గీసుకోవచ్చు. కానీ ఎముక తగిలిందంటే పగులుతాది. వంగడం తెలీదు దానికి. లారీ పట్టా సేద్యగాడి నడుము లెక్క. వంగుతాది, మళ్ళా నిలబడతాది."

"మరి ఆ స్ప్రింగు?" అన్నాడు నాయన.

"అది మంచిదే. కొట్టేదానికి నాకింకో రెండు సేతులు కావాల."

మా నాయన లారీ పట్టా మీద చెయ్యి పెట్టాడు. పిడిలోకి ఇనుము కడదాకా పోవాలని కూడా అడిగాడు. సాయబు ఒంటి కనుబొమ్మ ఎగరేసి, "ఇప్పుడు నువ్వు కత్తి కొనే మనిషివైనావు" అన్నాడు.

తర్వాతి సంతకు కత్తి తయారవడం నేను కళ్ళారా చూశాను. ఎండలో ఇనుము రంగు సరిగ్గా తెలియదని కొలిమికి మూడు వైపులా గోనెపట్టాలు కట్టాడు. కత్తి రేగుపండు రంగుకు రాగానే కానుగ నూనెలో ముంచాడు. సుయ్‌మంది. ఆ పొగ నా చొక్కాకు పట్టి రెండు ఉతుకులకు పోలేదు. ఇప్పుడది గాజు లెక్క పెళుసుగా ఉంటుందట. మళ్ళీ సన్నటి సెగ మీద పెట్టి, కళ్ళార్పకుండా చూస్తూ, ఎండిన జొన్నాకు రంగు రాగానే తీసేశాడు.

"ఇంకొంచెం ఉంటే ఏమైతాది సాయబు తాతా?" అన్నాను.

"నెమలి మెడ రంగు వస్తాది. సూసేదానికి బాగుంటాది, పదును పోతాది. ఇంకా పెట్టినావనుకో, మెత్తటి తగరమే. ఉక్కును నిప్పే పెంచతాది బేటా, నిప్పే తినేస్తాది."

ఈ మాట ఆయన నాతోనే అన్నాడు. నాకే చెప్పాడు. అది గుర్తు పెట్టుకోండి.

తెల్ల తుమ్మ పిడి వేశాక, ఇనుప దాగలి దిమ్మ మీద మేకు పెట్టి కత్తితో నరికాడు. మేకు రెండు ముక్కలైంది, కత్తి అంచు మీద మచ్చ లేదు. నా ముంజేతి మీద గీస్తే నూగు రాలింది. నా గుండు చేతిని బడిలో అందరికీ చూపించుకున్నాను. అక్కడే నిలబడిన ఎద్దుల బేరగాడొకడు వెక్కిరించాడు.

"ఏం సాయబూ, పై సంత దాకా అన్నా నిలుస్తాదా?"

సాయబు లేచి నిలబడ్డాడు. చుట్టూ పదిమంది ఉన్నారు. "పని పడినప్పుడు ఈ కత్తి మోసం చేసిందంటే, ఈ సంతలో నేను మళ్ళా సుత్తి ఎత్తను. అందరూ వినండి" అన్నాడు.

అప్పట్లో సంతలో అన్న మాటకు కాగితం అక్కర్లేదు. విన్న పదిమంది ఉంటే చాలు. మా నాయన కత్తిని కళ్ళకద్దుకుని మొలకు దోపుకున్నాడు.

దాన్ని ఒకసారి చేత్తో పట్టుకోవాలని నాకు ప్రాణం పోయేది. "ముట్టినావంటే సెయ్యి ఇరుస్తా" అనేవాడు నాయన. చెనిక్కాయలు పెరికే ముందర ఆయనకు జ్వరం వచ్చింది. ఒక్క రోజే. ఆ రోజు కత్తి గోడ మేకుకు తగిలించి ఉంది. మా అవ్వ, నాయన తల్లి, మిరియాల కషాయం కాస్తోంది. నేను కత్తి తీసుకుని చేలోకి ఉడాయించాను.

మా పెదనాయన చేలో గెణుసుగడ్డలున్నాయి. గట్టు తగాదా వల్ల ఆయనకూ మా నాయనకూ మాటల్లేవు. కాబట్టి ఆ గడ్డలు మామూలు గడ్డల కన్నా తీపి. గంపెడు తవ్వాను. లేదు, గంపెడు కాదు, రెండు గడ్డలు. గట్టు కింద గుంటలో, ఎవరికీ కనపడకుండా, కంప పోగేసి నిప్పు చేశాను. ఒక గడ్డను కత్తికి గుచ్చి, కత్తిని పిడి దాకా నిప్పుల్లో పెట్టి, పైన బూడిద కప్పాను. అంత మంచి కత్తికి అంత మంచి పని దొరికిందని సంతోషించాను కూడా. గడ్డ చక్కెరపాకం కారుస్తూ కమ్మగా వాసన వస్తున్న సమయానికి పెదనాయన గొంతు వినపడింది.

"ఎవుడ్రా ఆడ పొగ పెట్టింది?"

నేను పరిగెత్తి కలబంద పొదల చాటున పడుకున్నాను. ఆయన ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగాడు, తిట్టాడు, బీడీ కాల్చాడు, పోలేదు. పొద్దు వాలేదాకా పోలేదు. ఆయన వెళ్ళాక వచ్చి బూడిద తోడితే గడ్డ బొగ్గయింది. కత్తి గోరువెచ్చగా ఉంది. మీద నల్లటి పొర, దాని కింద నెమలి మెడ కూడా దాటిపోయిన బూడిద రంగు. పిడి మొదట్లో తుమ్మకర్ర ఉంగరంలాగా మాడింది.

సాయబు తాత చెప్పింది అప్పుడు గుర్తొచ్చింది. నిప్పులో కాలి, బూడిదలో మెల్లగా చల్లారిన ఉక్కు. మేకు మీద గీసి చూశాను. మేకే దాన్ని గీసింది.

ఇటుక పొడి, చింతపండు పెట్టి తోమాను. పిడి మీద మాడిన చోటును గాజుపెంకుతో గీకాను. చీకటి పడే ముందు గోడ మేకుకు తగిలించేశాను. మునుపటికంటే ఎక్కువ మెరిసింది. పొద్దున్నే నాయన జ్వరం దిగి లేచి, దాన్ని మొలకు దోపుకుని పొలం పోయాడు.

అక్కడినుంచి నాకు నిద్ర సరిగ్గా లేదు. ఆయన తాడు పట్టుకుంటే నేను కొడవలి తెచ్చి ఇచ్చేవాణ్ణి. కొమ్మ నరకబోతే మచ్చుకత్తి తెచ్చేవాణ్ణి. నేనంత పనిమంతుణ్ణి నా జీవితంలో మళ్ళీ కాలేదు. అయినా ఆయన వాడేవాడు. వాడిన ప్రతిసారీ రాయి మీద నూరేవాడు.

"ఏందబ్బా ఇది, పొద్దున నూరితే సాయంత్రానికి మొండి! సాయబు యాడో తప్పు చేసినాడు" అన్నాడు ఒకరోజు, ఊరిబిండి నంజుకుని సంగటి తింటూ.

"కొత్త కోడలు, కొత్త కత్తి, నాలుగు దినాలు పోతే దారికొస్తాయిలే" అంది అవ్వ.

నేను సంగటి ముద్ద పళ్ళెంలో పెట్టేశాను. "నాయనా, నేను..." అన్నాను. ఆయన తలెత్తాడు. ఆయన చెయ్యి చాలా పెద్దది. "నేను నీళ్ళు తెస్తా" అని లేచాను. చెప్పడానికి దొరికిన మొదటి అవకాశం అదీ. దాన్ని చెంబుతో ముంచి తాగేశాను.

ఆ పైవారమే బావి దగ్గర జరిగింది.

కపిల తోలేటప్పుడు ఎద్దులు వాలు దిగుతూ మోకు లాగుతాయి, మళ్ళీ వెనక్కి వెనక్కి నడుస్తూ బావి గట్టు దాకా వస్తాయి. వెనక్కి నడవడంలోనే ప్రమాదం. గట్టు అంచున ఒక రాయి లోపల్లోపల కదిలి ఉంది. కుడిపక్క ఎద్దు వెనక కాళ్ళు దాని మీద పడ్డాయి. రాయి జారింది. ఎద్దు బావిలోకి జారి, మెడను కాడికి కట్టిన తాడు మీద వేలాడింది. ఎడమ ఎద్దు మోకాళ్ళ మీద పడి, అంచున గిట్టలు తన్నిపెట్టి ఆగింది. రెండింటి మధ్య కాడి కిర్రుమంటోంది. బావిలో నీళ్ళు నిండుగా ఉన్నాయి. తాడు కోస్తే కుడి ఎద్దు నీళ్ళలో పడి ఈదుతుంది, మనుషులు వచ్చి లాగవచ్చు. కోయకపోతే దానికి మెడ బిగుస్తుంది, రెండోదీ పోతుంది.

నా కథలో ఇక్కడే నేను నడుములో కత్తి దూస్తాను. నిజంలో నేను కాలువ దగ్గర కొయ్యలాగా నిలబడి ఉన్నాను.

నాయన గట్టు మీద బోర్లా పడుకుని, ఒక చేత్తో కాడి పట్టుకుని, ఇంకో చేత్తో కత్తి తీసి తాడు కోశాడు. కత్తి తాడు మీద సబ్బు జారినట్టు జారింది. మళ్ళీ కోశాడు. పై పోగులు నాలుగు లేచాయి. అంచు మడత పడింది. నాకు అంత దూరం నుంచి అంచు మడత పడటం కనపడిందా అని మనవరాలు అడిగింది. కనపడలేదు. కాని నాకు తెలుసు.

"తెగదేమే! తెగదేమే దీనెమ్మ!" నాయన అరుపు బావిలో తిరిగి తిరిగి వినపడింది. ఎద్దు నాలుక బయటికి వచ్చింది. దాని కన్ను నా వైపే తిరిగి ఉంది.

"కొడవలి తేరా!" అని ఆయన కేక వేశాడు. నేను పోలేదు. గడ్డి కోస్తున్న అవ్వ, ఆ వయసులో, చీర ఎగదోపుకుని మడి అడ్డంగా పరిగెత్తుకొచ్చింది. కొడవలి నాయన చేతిలో పెట్టింది. మూడు లాగుల్లో తాడు తెగింది. ఎద్దు నీళ్ళలో పడింది. ఈదలేదు. అప్పటికే పోయింది.

రెండోది బతికింది. కాని ఒంటి ఎద్దుతో కపిల తోలలేరు. ఆ సాయంత్రం మా ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. నాయన కత్తిని ఒళ్ళో పెట్టుకుని, మడత పడిన అంచు మీద వేలు పెట్టి అటూ ఇటూ రాస్తూ కూర్చున్నాడు. "సంత రానీ" అన్నాడు. అదొక్కటే మాట.

సంత రోజు నన్నూ రమ్మన్నాడు. కడుపునొప్పి అన్నాను. "నువ్వు ఆ పొద్దు మాట విన్నోడివి. రా" అన్నాడు.

సాయబు ఒక ఎద్దు గిట్ట ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు, నోట్లో మేకులు. నాయన కత్తిని ఆయన ముందు మట్టిలో పడేశాడు. "నా ఎద్దు పోయింది సాయబూ. పని పడినప్పుడు నీ కత్తి పెండముద్ద అయింది." మామూలుగా అన్నా అని చివర తగిలించే మనిషి, ఆ రోజు తగిలించలేదు. బేరగాళ్ళు మూగారు. ఆ రోజు వెక్కిరించినవాడు కూడా ఉన్నాడు.

సాయబు మేకులు ఒక్కొక్కటే నోట్లోంచి తీశాడు. కత్తి తీసుకుని అంచు చూశాడు. ఆకురాయి తీసి దాని మీద లాగాడు. మంచి ఉక్కు మీద ఆకురాయి జారిపోతుంది, గాజు మీద గోరు గీసినట్టు. ఇది గర్రుమని కరిచింది, పొడి రాలింది. ఆయన మొహం మారింది. పిడి మొదలు తిప్పి చూశాడు, నేను గాజుపెంకుతో గీకిన చోట. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"అన్నా, ఇది నిప్పులో పడిండాది."

"నిప్పులో యాడ పడతాది? నా మొల నుంచి దిగితే కదా!"

జ్వరంతో పడుకున్న ఆ ఒక్క రోజు నాయనకు గుర్తు లేదు.

"ఒక గంట ఇయ్యి అన్నా. ఇదే ఇనుము మళ్ళా కాల్చి, నూనెలో ముంచి, మేకు నరికి సూపిస్తా. ఉక్కు తప్పు కాదిది."

"ఇప్పుడు ఇంకో గారడీ సూపిస్తావా? ఆ పొద్దు సూపించినావు కదా!" అన్నాడు నాయన. గుంపులో నవ్వారు.

అప్పుడు సాయబు నా వైపు చూశాడు. కోపంగా కాదు. ఆ ఒంటి కనుబొమ్మ కొంచెం పైకి పోయింది, అంతే. "ఏం బేటా, నువ్వేమన్నా సూసినావా?" అన్నాడు.

గుంపు మొత్తం నా వైపు తిరిగింది. నాయన కూడా. బొరుగుల వాసన, పేడ వాసన, కానుగ నూనె వాసన. ఒక్క మాట చెబితే చాలు. ఆయన సుత్తి ఆయనకు ఉంటుంది. చెబితే నాయన నా తోలు తీస్తాడు, గడ్డల సంగతి పెదనాయనకు పోతుంది, ఎద్దును చంపినవాడని ఊరంతా నన్నే అంటుంది.

కొన్నేళ్ళు నేను ఈ చోటును కూడా మార్చి చెప్పుకున్నాను, నాలో నేనే. నోరు తెరిచానని, గోలలో ఎవరికీ వినపడలేదని. అది కూడా పిండే. నేను నోరు తెరవలేదు. తల అడ్డంగా ఊపాను. ఆయన ఇంకా చూస్తుంటే, "లేదు" అని కూడా అన్నాను. గట్టిగానే అన్నాను.

సాయబు మేకులు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. ఒళ్ళో ఉన్న గిట్టకు మిగిలిన రెండు మేకులు కొట్టాడు, ఎద్దు కట్లు విప్పి లేపి నిలబెట్టాడు. సగంలో వదిలిపెట్టే మనిషి కాదు. తర్వాత సుత్తి, పట్టకారు, ఆకురాయి గోనెసంచిలో వేసుకున్నాడు.

బేరగాడు కంగారుపడ్డాడు. "ఏదో మాటొచ్చింది సాయబన్నా, అంతదానికే..." అన్నాడు.

"పదిమందిలో అన్నా కదప్పా" అన్నాడు ఆయన.

నాయన కూడా అంత అవుతుందనుకోలేదేమో, పక్కకు తిరిగి నిలబడ్డాడు. ఆపలేదు. నేనూ ఆపలేదు. కుక్కలు మాత్రం కొంచెం దూరం ఆయన వెంట పోయాయి.

రెండు సంతలకు ఆయన చోటు ఖాళీగా ఉంది. మూడో సంతకు ఒక బొరుగులమ్మ అక్కడ గంప దించింది. మా పక్క ఎద్దులు లాడాలకు మదనపల్లె దాకా నడవాల్సి వచ్చింది. సాయబు పెండ్లాం బిడ్డలతో కుప్పం పోయాడని విన్నాం.

పెద్దవాణ్ణయ్యాక, పెళ్ళైన కొత్తలో, ఏదో పని మీద కుప్పం పోయాను. పుంగనూరు నుంచి వచ్చిన లాడాల సాయబు అని అడిగితే రైలు కట్ట పక్క సందు చూపించారు. అక్కడ ఆయన కాళ్ళ మీద పడి ఏడ్చానని మనవరాలికి చెప్పాను. ఆమె కళ్ళు తడి చేసుకుంది. ఆ తడి చూశాక నాకే సిగ్గేసింది.

"పడలేదమ్మా" అన్నాను.

నిజం ఇది. ఆయన బాగా ముసలివాడైపోయాడు. రెండో కనుబొమ్మ కూడా లేదు. నేను జేబులోంచి చిన్న కత్తి తీసి, సాన పట్టమన్నాను. ఆయన కొడుకు తొక్కుతుంటే ఆయన పట్టాడు.

"యా ఊరప్పా?" అన్నాడు రాయి మీది నుంచి కళ్ళు ఎత్తకుండా.

"పెద్దపంజాణి" అన్నాను. అదీ అబద్ధమే.

సాన ఆగింది. ఆయన కత్తిని గుడ్డతో తుడిచి, పిడి నా వైపు తిప్పి చేతిలో పెట్టాడు. "నిప్పు దగ్గర పెట్టొద్దప్పా. ఇంట్లో పిల్లోళ్ళుంటే వాళ్ళకి సెప్పు. వాళ్ళకి తెలీదు పాపం" అన్నాడు.

అందరికీ అట్లాగే చెప్పేవాడో, నాకే చెప్పాడో తెలియదు. నేను తల ఊపి బస్సెక్కాను.

మా నాయన ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికాడు. కత్తి మాట ఎప్పుడు వచ్చినా, "మంచోడే పాపం, కానీ నాకు మాత్రం మోసం చేసినాడు" అనేవాడు. నేను పక్కనే కూర్చుని వినేవాణ్ణి. చివరి రోజుల్లో ఆస్పత్రిలో ఆయన కాళ్ళు ఒత్తుతూ రెండుసార్లు గొంతు సవరించుకున్నాను. నీళ్ళు కావాలా అని ఆయనే నన్ను అడిగాడు. సాయబు మోసం చేశాడన్న నమ్మకంతోనే పోయాడు. ఎద్దు పోయింది ఒక్కసారే. ఆ మనిషిని మాత్రం మా ఇంట్లో అన్నేళ్ళూ మోసగాడిగా ఉంచుకున్నాం. ఉంచింది నేను.

వరండాలోకి ఎండ వచ్చింది. మనవరాలు ఫోను ఎప్పుడో బోర్లా పెట్టేసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "ఆయన పేరేంది తాతా?" అంది.

ఎంత వెతికినా దొరకలేదు. ఆయన సాన ఏ పక్క తిరిగేదో తెలుసు. ఆయన నూనె వాసన తెలుసు, ఏ కనుబొమ్మ ముందు కాలిందో తెలుసు. సంతలో అందరూ సాయబు అన్నారు, నేనూ అన్నాను. కుప్పంలో ఆయన ముందు నిలబడి కూడా అడగలేదు.

"తెలీదమ్మా" అన్నాను.

అందులో కలపడానికి నా దగ్గర పిండి లేదు.